‘పార్థీ గ్యాంగ్’లో ఆ పార్థీ ఏమిటి?

చిన్న సందేహం. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నిన్న మళ్ళీ అదే మెసేజ్, “పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లలు జాగ్రత్త, అందరికీ పంపండి” అని. ఈ పార్థీకీ పార్థుడికీ ఏమైనా సంబంధం ఉందా?

— లేదండీ. మరాఠీలో ‘పారధ్’ అంటే వేట, పారధీ అంటే వేటగాడు. అది ధ, మనవాళ్ళు థ చేసేశారు. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ వైపు వేట మీద బతికిన తెగ పేరది. 1871లో ఇంగ్లీషువాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చి పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన వాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. చట్టం 1952లో రద్దయింది గానీ పేరు పక్కన గ్యాంగ్ అలాగే ఉండిపోయింది. ‘బోయ గ్యాంగ్’ అని ఎవరైనా రాస్తే మనం ఊరుకుంటామా?

— పేపర్లోనే అలా వేస్తుంటే జనాన్ని అని ఏం లాభం సార్? దొంగలు వస్తే జాగ్రత్త చెప్పుకోవద్దా?

— చెప్పుకోండి, దొంగల ముఠా అనండి చాలు, కులం ఎందుకు? మాది స్టువర్టుపురం. ఎరుకలవాళ్ళని ఇదే చట్టం కింద తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్, పేరు కూడా మద్రాసు ప్రభుత్వంలోని ఓ దొరది. హాస్టల్లో ఎవరి డబ్బులు పోయినా ముందు నా పెట్టె తెరిచేవాళ్ళు, నేను ఆ వారం ఊళ్ళో ఉన్నా సరే!

— 2018 మే గుర్తుందా? ఇలాంటి మెసేజ్‌లే తిరుగుతుంటే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషని గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో అలాగే ఐదుగురిని చంపారు, వాళ్ళు నాథ్ గోసావి సంచార జాతివాళ్ళు, అడుక్కోవడానికి వచ్చినవాళ్ళు. మెసేజ్‌లో ఎవరి పేరున్నా దెబ్బలు పడేది కొత్త ముఖం, మాసిన బట్ట, వేరే యాస ఉన్నవాళ్ళకే. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది.

— అడిగింది నేనే. థ కాదు ధ అని గ్రూపులో సరిచేద్దామనుకున్నా, ఇప్పుడు నవ్వొస్తోంది. మెసేజ్ తీసెయ్యమని సెక్రటరీ గారిని అడిగాను. “ఎందుకైనా మంచిది, ఉండనివ్వండి” అన్నారు.