అప్‌డేట్: పనివాళ్ల లిఫ్ట్ బోర్డు మీద మీటింగ్

"పనివాళ్లు సర్వీస్ లిఫ్టే వాడాలి" అన్న బోర్డు గురించి అపార్ట్‌మెంట్‌లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం ఎలా అని అడిగాను కదా. బోర్డు తీసేశారు. అందరికీ థ్యాంక్స్.

అన్నిటికంటే పనిచేసింది పనివాళ్లతో ముందు విడిగా కూర్చోవడం. ఓనర్ ఎదురుగా నోరు విప్పితే పని పోతుందని వాళ్ల భయం. ఈ విడి మీటింగ్ మధ్యాహ్నం 3 గంటలకే పెట్టాలి, సాయంత్రం మళ్లీ పనులుంటాయి. వాళ్ల మాటలు పేర్లు లేకుండా చీటీల మీద రాసి పెద్ద మీటింగ్‌లో చదివాం. "చెత్త డబ్బాలతో పాటు ఎక్కాలి, సర్వీస్ లిఫ్ట్ ఆగిపోతే 5 అంతస్తులు మెట్లే" అన్న చీటీతో చర్చ దారిలో పడింది.

పెద్ద మీటింగ్‌లో మాట్లాడటానికి మనిషికి 2 నిమిషాలు, అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ ఆఖర్న. ఆయన ముందు మాట్లాడితే మిగతావాళ్లు తలూపేస్తారు. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణంతో మొదలుపెట్టకండి, జనం వెంటనే వాదనకు దిగుతారు. తీర్మానం మినిట్స్‌లో (మీటింగ్ రికార్డులో) రాయించండి, లేదంటే కొత్త కమిటీతో బోర్డు తిరిగొస్తుంది.

డెలివరీ కుర్రాళ్ల సంగతి వచ్చే జనరల్ బాడీలో.