స్లీవా, బైపాసా? ఇద్దరు సర్జన్లు రెండు మాటలు చెబుతున్నారు

బిసిబేళె_బాధితురాలు

అందరికీ నమస్తే. బెంగళూరులో ఉంటాం, మారతహళ్ళి వైపు. నాకు 37 ఏళ్లు, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, బీఎంఐ, 42. షుగర్ వచ్చి అయిదేళ్లు దాటింది, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ వేసుకుంటున్నా మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8 కిందకి దిగనంటోంది. గురక సంగతి మా ఆయన్ని అడగాలి, ఆయన హాల్లో పడుకోవడం మొదలుపెట్టి చాలా రోజులైంది. స్లీప్ స్టడీ చేసి అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోంది అన్నారు, రాత్రి గాలి ఊదే సీప్యాప్ మాస్క్ పెట్టుకునే పడుకుంటున్నాను. డైట్లు చేయలేదా అని మాత్రం అడగకండి. కీటో, కొర్రలు, ఒంటిపూట భోజనం, జిమ్ ట్రైనర్, అన్నీ అయ్యాయి. తగ్గినవి వడ్డీతో సహా తిరిగొచ్చాయి.

బరువు తగ్గే ఆపరేషన్‌కి మనసు సిద్ధపడింది కానీ కడుపు కోసి చిన్నది చేసే స్లీవా, అన్నం దారి మార్చే బైపాసా అన్నది తేలడం లేదు. ఎండోస్కోపీలో హయటస్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జరగడం) ఉందని, అన్నవాహిక కింది భాగం యాసిడ్‌కి గ్రేడ్ బి స్థాయిలో పూసిందని రాశారు. నాకు గుండెల్లో మంట ముందు నుంచీ ఉంది, పాంటొప్రజోల్ మాత్ర లేకుండా ఆవకాయ ముట్టుకోను. మొదటి సర్జన్, హెర్నియా సరిచేసి స్లీవ్ చేసేద్దాం, పేగుల జోలికి పోవద్దు, సింపుల్‌గా అయిపోతుంది అన్నారు. రెండో ఆయన రిపోర్టు చూడగానే స్లీవ్ మాట ఎత్తొద్దమ్మా, బైపాస్ చేయించుకో అన్నారు. బయటికి వస్తే అక్కడి కోఆర్డినేటర్ అమ్మాయి మినీ బైపాస్ ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టింది. అది మళ్లీ వేరేదట!

మా ఆయనేమో బరువు తగ్గే ఇంజెక్షన్లు వచ్చాయిగా, కోతలెందుకు అంటాడు. తెనాలి నుంచి మా అమ్మ ఫోన్లో "నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకుంటావా" అని ఏడుపు. చేయించుకుని మూడు నాలుగేళ్లు దాటినవాళ్లు చెప్పండి. మొదటి ఆర్నెల్ల ఫొటోలు చాలా చూశాను, తర్వాత ఎలా ఉంటుందో ఎవరూ చెప్పడం లేదు.

చీరాల_టు_సిల్క్‌బోర్డ్

చెల్లీ, స్లీవ్ అయ్యి నాకిది ఆరో ఏడు. 128 నుంచి 84 దాకా దిగాను, ఇప్పుడు 92 దగ్గర ఆడుతోంది. బీపీ మాత్ర పోయింది, మోకాళ్లు మాట వింటున్నాయి, విమానంలో బెల్టుకి అదనపు ముక్క అడగక్కర్లేదు. చేయించుకున్నందుకు నాకే బాధా లేదు.

కానీ ఒక్క సంగతి. ఆపరేషన్‌కి ముందు నాకు గుండెల్లో మంట అంటే ఏమిటో తెలీదు. ఇప్పుడు రాత్రి ఎనిమిది దాటాక తిన్నానంటే, పడుకున్న గంటకి పుల్లటి నీళ్లు గొంతులోకి తన్నుకొస్తాయి. మంచానికి తల వైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టుకున్నాను, అతిథులు వచ్చినప్పుడు పిల్లలు అది చూపించి నవ్వుతారు. స్లీవ్‌లో కడుపు మూడొంతులకి పైగా కోసి తీసేస్తారు, అరటికాయంత గొట్టం మిగులుతుంది. మామూలు కడుపులా అది సాగదు, లోపల ఒత్తిడి పెరిగి సరుకు పైకి ఎగదన్నుతుంది. ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా కోసేసిన దాంతోనే పోతుంది కాబట్టి మొదటి ఏడాది ఆకలే గుర్తుకు రాదు, ఆ మేలు మాత్రం ఒప్పుకోవాలి. రెండో ఏడాది నుంచి మెల్లగా వస్తుంది. ఆ 8 కిలోలు ఎక్కడివి అనుకున్నావు, సాయంత్రం మిక్చర్, టీలో బిస్కెట్లు. అవి ఏ గొట్టంలోంచైనా సులువుగా జారిపోతాయి.

ఫిన్లండ్ వాళ్లు స్లీవ్, బైపాస్ చేయించుకున్నవాళ్లని పదేళ్లు గమనించి 2022లో లెక్కలు బయటపెట్టారు. బరువు తగ్గడంలో బైపాస్ కొంచెం ముందుంది. అన్నవాహిక పూత మాత్రం స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి, బైపాస్ వాళ్లలో 7 శాతానికి. మంట లేనివాడిని నాకే ఇలా ఉంటే, గ్రేడ్ బి చేతిలో పెట్టుకుని నువ్వు స్లీవ్‌కి వెళ్లడం నాకైతే నచ్చలేదు. మా సర్జన్ నన్నే ఇప్పుడు బైపాస్‌కి మార్చుకోమంటున్నారు.

ఫిట్_ఆంధ్రా_143

ఇంత హడావిడి ఎందుకండీ. రోజూ పది వేల అడుగులు నడిచి రాత్రి అన్నం మానేస్తే ఎవరైనా తగ్గుతారు. మా బాబాయి అలాగే 12 కిలోలు తగ్గాడు. డాక్టర్లకి వ్యాపారం కావాలి.

పాయసం_మానేసిన_అక్క

ఫిట్ ఆంధ్రా గారూ, బాబాయికి అభినందనలు. ఈవిడ 104 కిలోలు, షుగర్, అప్నియాతో ఉన్నారు, పోస్టు ఇంకోసారి చదవండి.

అమ్మాయ్, నాది రూ-ఎన్-వై బైపాస్, అంటే అసలు సిసలు పాత బైపాస్. కడుపు పైభాగంలో చిన్న గుడ్డు పట్టేంత తిత్తి వదిలి, దాన్ని పేగుకి కలుపుతారు, మిగతా కడుపు లోపలే ఉంటుంది కానీ అన్నం దాంట్లోకి వెళ్లదు. నాకూ మంట ఉండేది, ఆపరేషన్ తర్వాత పోయింది. షుగర్ మాత్రలు కూడా దాదాపు పోయాయి. షుగర్ వచ్చి ఎక్కువ ఏళ్లు కాకుండా, ఇన్సులిన్ దాకా వెళ్లకుండా ఉన్నవాళ్లకి ఆ అవకాశం ఎక్కువ, నువ్వింకా ఇన్సులిన్ మీద లేవు కాబట్టి నాన్చొద్దు.

ఇక నువ్వడిగిన "తర్వాత". గృహప్రవేశానికి వెళ్లాను, కె.ఆర్.పురంలో మా ఆడపడుచు వాళ్లది. విస్తట్లో పాయసం పోశారు, మొహమాటానికి నాలుగు చెంచాలు తాగాను. పావుగంట తిరగకుండా ఒళ్లంతా చెమటలు, గుండె దడదడ, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. పట్టుచీర నలిగితే నలిగిందని వాళ్ల కొత్త బెడ్‌రూంలో, ప్లాస్టిక్ కవర్ కూడా తీయని పరుపు మీద పడుకున్నాను. అందరూ నాకు విశేషం అనుకున్నారు. దీన్ని డంపింగ్ అంటారు, తీపి గబగబా పేగులోకి జారిపోవడం వల్ల వస్తుంది. అందరికీ రాదు. నాకు వస్తుంది, దాని పుణ్యమా అని తీపి మానేశాను కాబట్టి పెద్దగా తిట్టుకోను.

తిట్టుకునేది మాత్రల్ని. బీ12, ఐరన్, కాల్షియం, డి విటమిన్, మల్టీవిటమిన్, జీవితాంతం. ఐరన్, కాల్షియం కలిపి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలు ఎడం ఉండాలి, ఐరన్ వేసుకున్న వెంటనే టీ తాగకూడదు. ఈ లెక్కలతోనే నా పూట గడుస్తుంది. నెలసరి ఎక్కువయ్యే మనిషిని, ఓ ఏడాది అశ్రద్ధ చేస్తే హిమోగ్లోబిన్ 8కి పడిపోయి సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. తలనొప్పికి బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోకూడదు, అతుకు దగ్గర అల్సర్ వస్తుంది. పళ్ల డాక్టరైనా ఎముకల డాక్టరైనా ముందు ఆ మాట చెప్పేస్తాను. పిల్లల ఆలోచన ఉంటే ఏడాదిన్నర దాకా వద్దంటారు. నేను రెండేళ్ల తర్వాత కన్నాను, పాప బాగుంది.

జుట్టు గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. నాలుగో నెలలో దువ్వెన నిండా వచ్చేది. తల స్నానం చేసిన రోజు బాత్రూం జాలీ మీద చేరిన జుట్టు చూసి ఏడ్చాను. బరువు వేగంగా తగ్గే ఎవరికైనా వస్తుంది, తర్వాత మళ్లీ మొలిచింది.

వడ్డించే_డైటీషియన్

నేను ఇలాంటి పేషెంట్లతోనే పనిచేస్తాను, ఎక్కడో చెప్పను. మీ రిపోర్టులు నేను చూడలేదు కాబట్టి సర్జన్ స్థానంలో కూర్చోను.

మినీ బైపాస్ గురించి మీరు అడగలేదు కానీ అడగాల్సింది అదే. పొడవైన గొట్టంలా కడుపు చేసి పేగుకి ఒకే అతుకు వేస్తారు, రూ-ఎన్-వైలో రెండు. టైం తక్కువ పడుతుంది, షుగర్ మీద బాగా పనిచేస్తుంది, మన దేశంలో బాగానే చేస్తున్నారు. పైత్యరసం అతుకు దగ్గర నుంచి వెనక్కి కడుపులోకి రావడం దాని బలహీనత. ఎంత పేగుని అన్నం దారి నుంచి తప్పిస్తారన్నదాన్ని బట్టి విటమిన్ల లోటు కూడా ఎక్కువ కావచ్చు. మీకు ఇప్పటికే పూత ఉంది కనుక "నాకు మినీయా, రూ-ఎన్-వైనా, ఎందుకు" అని సర్జన్నే సూటిగా అడగండి, ప్యాకేజీ కాగితం పట్టుకున్న అమ్మాయిని కాదు.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు లిక్విడ్ డైట్ పెడతారు, కొవ్వు పట్టిన లివర్ కుంచించుకుంటే కడుపు బాగా కనబడుతుందని. ఆ రోజుల్లో గ్లిమెపిరైడ్ పాత డోసులోనే మింగితే షుగర్ పడిపోతుంది, తగ్గించమని ముందే అడగండి. ఆపరేషన్ తర్వాతా అంతే. తర్వాత కొన్ని వారాలు నీళ్లలాంటివి, మెత్తటివి, ఆ పైన మామూలు తిండి. మన వాళ్లకి కష్టమంతా అన్నంతోనే. సరిగా నమలని పెరుగన్నం ముద్ద దిగక ఛాతీలో ఆగిపోతే ముక్కు కారుతుంది, నోట్లో నురగలాంటి ఉమ్మి ఊరుతుంది, బయటికి వచ్చేదాకా ఊపిరాడనట్టుంటుంది. దోసె, పెసరట్టు చాలామందికి హాయిగా దిగుతాయి. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. రోజుకి 60 గ్రాములకి తగ్గకుండా ప్రొటీన్ అంటే పప్పుచారు చాలదు, గుడ్లు, పనీర్, చేప, పెరుగు కావాల్సిందే.

వాంతులు రోజుల తరబడి ఆగకపోతే "కొత్తలో అంతేలే" అని ఊరుకోవద్దు. బీ1 విటమిన్ పడిపోయి నరాలు దెబ్బతింటాయి, ఆ రోజే ఆస్పత్రికి రావాలి.

ఇంజెక్షన్ల మాట. మౌంజారో అనే ఇంజెక్షన్ 2025 మార్చిలో మన దగ్గరికి వచ్చింది, పనిచేస్తుంది, మీ వారి ప్రశ్నలో తప్పేం లేదు. అయితే ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది, ఇన్సూరెన్స్ సాధారణంగా ఇవ్వదు, కనుక ఏళ్ల తరబడి ఖర్చు లెక్క వేసుకోమనండి. ఆపరేషన్ చేయించుకుని కొన్నేళ్లకి బరువు పెరిగినవాళ్లకి కూడా వాటిని రాస్తున్నారు.

చీరాల_టు_సిల్క్‌బోర్డ్

డైటీషియన్ గారు పెరుగన్నం అన్నారు, నాకైతే చల్లారిన చికెన్ బ్రెస్ట్. ఆఫీసు క్యాంటీన్లో మేనేజర్ ఎదురుగా దిగక, ఫోన్ వచ్చినట్టు లేచి వెళ్లిపోయాను. ఇంకో మాట, మందు అలవాటుంటే జాగ్రత్త. ఆపరేషన్ తర్వాత ఒక్క పెగ్గుకే తలకెక్కుతుంది. తిండి దగ్గర దొరికే ఊరట అక్కడ వెతుక్కున్నవాళ్లని ఇద్దర్ని చూశాను.

బిసిబేళె_బాధితురాలు

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. అన్నయ్యా, ఇటుకల మాట మా ఆయనకి చదివి వినిపించాను, స్లీవ్ అన్న పదం ఇంట్లో మళ్లీ రాలేదు. రెండో సర్జన్ దగ్గరికి శనివారం వెళ్తున్నాం, రూ-ఎన్-వై గురించి అడుగుతాను. మాత్రలు జీవితాంతం అంటే ఇప్పుడు వేసుకుంటున్నవీ జీవితాంతమే కదా, అక్కడ నాకు భయం లేదు. పాయసం అక్కా, బంధువులకి ఏం చెప్పారు? మా అమ్మ పిత్తాశయంలో రాళ్లని చెప్పమంటోంది.

పాయసం_మానేసిన_అక్క

రాళ్లని చెప్పకు, బరువు వేగంగా తగ్గితే అవి నిజంగానే వస్తాయి, అందుకే కొన్నాళ్లు మాత్ర కూడా ఇస్తారు. అప్పుడు ఏం చెబుతావు! నేను దగ్గరవాళ్లకి ఆపరేషన్ అని చెప్పేశాను, మిగతావాళ్లకి కడుపులో ఇబ్బంది, కొంచెంగానే తినాలి అన్నాను. అబద్ధం కూడా కాదు. ముందు "అంత లావేంటే" అన్న నోళ్లే "ఇలా పీక్కుపోయావేంటే" అంటాయి, రెండు కిలోల స్వీటు డబ్బా కూడా తెచ్చిస్తాయి.

క్లెయిముల_గోల

ఆలస్యంగా వచ్చాను, ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ రాయలేదు. ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం బీఎంఐ 40 గానీ ఆ పైన గానీ ఉండాలి, లేదా 35 గానీ ఆ పైన గానీ ఉండి అదుపులో లేని షుగర్, తీవ్రమైన అప్నియా లాంటివి ఉండాలి, మామూలు పద్ధతులతో తగ్గలేదని కూడా చూపించాలి. డైటీషియన్ చీటీలు, జిమ్ రసీదులు, స్లీప్ స్టడీ, పాత హెచ్‌బీఏ1సీలు ఒక ఫైల్లో పెట్టు. పాలసీ కొత్తదైతే వెయిటింగ్ పీరియడ్ చూసుకో, ఆఫీసు గ్రూప్ పాలసీ అయితే హెచ్‌ఆర్‌ని మెయిల్‌లోనే అడుగు, నోటిమాట నమ్మకు. లిక్విడ్ డైట్ మొదలుపెట్టకముందే ఎత్తు, బరువు సర్జన్ చేత లెటర్‌హెడ్ మీద రాయించు. ఆ రెండు వారాల్లో నాలుగైదు కిలోలు తగ్గి, నర్సు చెప్పులతోనే ఎత్తు కొలిచిందనుకో, నీ 42 కాస్తా 39 దగ్గర కూర్చుంటుంది, అక్కడ మొదలవుతుంది వాళ్ల క్వెరీ మీద క్వెరీ. చెప్పులు విప్పి నిలబడు.