వంజంగి కొండకు పాసులు పెట్టాలా?

విశాఖవాసి:
డిసెంబరులో ఒక ఆదివారం పాడేరు దగ్గరున్న వంజంగి కొండకు వెళ్లాం. తెల్లవారుజామున నాలుగింటికే పాడేరు దాటాక కార్లు బారులు తీరాయి. పైనుంచి మబ్బుల సముద్రం చూసి నోట మాట రాలేదు. వెలుగు వచ్చాక కాళ్ల దగ్గర చూస్తే బిర్యానీ డబ్బాలు, పగిలిన బీరు సీసాలు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో ఊటీకి వెళ్లే బండ్లకు 2024 మే 7 నుంచి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సిన ఈ-పాస్ వచ్చింది. 2025 వేసవిలో మామూలు రోజుల్లో రోజుకు 6,000, వారాంతాల్లో 8,000 బండ్లకే అనుమతి ఇచ్చారు. ఇక్కడా అలాంటి పరిమితి పెట్టాల్సిందే అంటాను.

పాడేరు కుర్రాడు:
అన్నా, మీ బాధ నిజమే. ఆ సీసాలు వానాకాలంలో మా గెడ్డలోకే, అంటే వాగులోకే దిగుతాయి. అయితే మాకు సీజన్ అంతా కలిపి మూడు నెలలే. పాసులు పెడితే ముందు దెబ్బ తినేది టీ కొట్టు, జీపు, టెంటు నడిపే మావాళ్లు. గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనే 1/70 చట్టం ఉన్నా కొన్ని చోట్ల పేరు మావాళ్లది, పెట్టుబడి మైదానం వాళ్లది. వాళ్లు గది అద్దె పెంచి గట్టెక్కుతారు. మేమేం చేయాలి?

ట్రావెల్స్ నడిపే మనిషి:
పదేళ్లుగా అరకు టూర్లు వేస్తున్నాను. ప్లాస్టిక్ లేని ప్యాకేజీ కావాలా అని అడిగితే అందరూ కావాలనే అంటారు. మనిషికి 200 ఎక్కువవుతుందంటే పక్క ఏజెంటు దగ్గరకు పోతారు. మొదట్లో వాళ్ల మీద కోపం వచ్చేది. తర్వాత అర్థమైంది, తప్పు నా దగ్గరే ఉంది. మంచి పనికి విడిగా రేటు కట్టి చూపిస్తే ఎవరైనా దాన్నే తగ్గించమంటారు. ఇప్పుడు బండిలోనే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు పెట్టాను. ఆ ఖర్చు టికెట్లోనే కలిపేశాను. ఇంతవరకు ఒక్కరూ సీసా నీళ్లు కావాలని గొడవపడలేదు. యాత్రికుల మనసు మారేదాకా ఆగాలంటే కొండ మిగలదండీ, ముందు మన ఏర్పాటు మారాలి.

కోయంబత్తూరు తెలుగు:
ఊటీ ఉన్న నీలగిరి జిల్లాలో పాస్ కంటే నాకు నచ్చింది ఇంకోటి ఉంది. 2022 నుంచి అక్కడి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుంటారు. ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ పది వెనక్కిస్తారు. మన తిరుమల కొండ మీద గాజు సీసా నీళ్లకూ డిపాజిట్ కడుతున్నాం కదా, ఎవరైనా తప్పు పట్టారా?

విశాఖవాసి:
సీసాల సంగతి ఒప్పుకుంటాను. కానీ రద్దీకి డిపాజిట్ మందు కాదు. ఇరుకు ఘాట్ రోడ్డులో అంబులెన్స్‌కి దారి ఉండదని ఆ రోజు కళ్లారా చూశాను. కనీసం శని, ఆదివారాలకైనా బండ్లకు లెక్క ఉండాలి.

పాడేరు కుర్రాడు:
శని, ఆదివారాల వరకైతే నేనూ సరే అంటాను. సొంత కార్లు కింద ఆపి, పైకి మా జీపుల్లోనే రావాలని పెట్టండి, అప్పుడు మాకూ పని ఉంటుంది. డిపాజిట్ డబ్బు మాత్రం గ్రామసభ చేతిలోనే ఉండాలి. ఇంకో మాట. మీరంతా వచ్చే రోజుల్లోనే మాకు కాఫీ పళ్ల కోత. సీసాలు లెక్కపెట్టే పని మా ఊరి ఆడవాళ్లకే ఇవ్వండి, కోత కూలికి తగ్గకుండా ఇవ్వండి.