ల్యాప్‌టాప్ వైఫై యాంటెన్నాను తెర వెనుక కాకుండా అడుగు భాగంలో అమర్చవచ్చా?

నెల రోజులుగా నా ల్యాప్‌టాప్‌లో వైఫై సిగ్నల్ బాగా పడిపోయింది. రౌటర్‌కు మూడు మీటర్ల దూరంలో కూడా మైనస్ 80 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మెరుగు) చూపిస్తోంది, అదే చోట ఫోన్‌లో మైనస్ 45 వస్తోంది. 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ అయితే అసలు కనిపించడమే లేదు. తెరను నిలువుగా ఉంచితే కాసేపు కోలుకుంటుంది, కొంచెం వెనక్కి వంచగానే మళ్లీ పడిపోతుంది.

డ్రైవర్‌ను తొలగించి మళ్లీ ఎక్కించాను, ఎం.2 2230 రకం వైఫై కార్డును కూడా మార్చి చూశాను, ఫలితం లేదు. చివరికి అడుగు మూత విప్పితే, తెర మడత దగ్గర, కార్డు నుంచి యాంటెన్నాకు వెళ్లే నల్ల వైరు నలిగి, పై తొడుగు చిట్లి, లోపలి సన్నని లోహపు అల్లిక బయటపడి కనిపించింది. రెండో యాంటెన్నా తెల్ల వైరును కార్డుపై మెయిన్ గుర్తున్న చోటికి మార్చగా సిగ్నల్ మైనస్ 58కి మెరుగుపడింది కాబట్టి లోపం నల్ల వైరుదేనని అనుకుంటున్నాను. (ఆవగింజంత కనెక్టర్‌ను మళ్లీ బిగించడానికే పావుగంట పట్టింది.)

ఎంహెచ్ఎఫ్4 (ఇలాంటి కార్డులకు సరిపోయే చిన్న రకం) కనెక్టర్ ఉన్న పలుచని ఫిల్మ్ యాంటెన్నా తెప్పించాను. పాతది తెర పై అంచున ఉంది. దాన్ని చేరాలంటే జిగురుతో అంటించిన చట్రాన్ని ఊడదీయాలి. ఒక మూల ఎత్తి చూసేసరికి ప్యానెల్ వంగుతున్నట్టు అనిపించి ఆపేశాను. అడుగు మూత ప్లాస్టిక్‌దే. స్పీకర్ పక్కన, బ్యాటరీకి సుమారు 4 సెంటీమీటర్ల దూరంలో, లోహపు పూత లేని ఖాళీ ఉంది.

కొత్త యాంటెన్నాను అక్కడ అంటిస్తే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సరిగా అందుతుందా, లేక తెర చట్రం విప్పక తప్పదా?