గ్లూకోజ్ ఉండగా లాక్ ఒపెరాన్ ఆగేది సైక్లిక్ ఏఎంపీ తగ్గడం వల్లేనా?

సత్యనారాయణపురం విద్యార్థిని (విజయవాడ):
గ్లూకోజ్, లాక్టోజ్ (పాలచక్కెర) రెండూ ఉన్న ద్రవంలో ఈ. కోలై బ్యాక్టీరియా ముందు గ్లూకోజ్‌నే వాడుకుంటుందని, అది అయిపోయాక పెరుగుదల కాసేపు నిలిచి మళ్లీ మొదలవుతుందని ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ మోనో 1941లోనే చూపించారు. లాక్టోజ్‌ను వాడుకునే ప్రోటీన్లను తయారుచేయించే జన్యువుల గుంపే లాక్ ఒపెరాన్. గ్లూకోజ్ ఉన్నప్పుడు కణంలోని సంకేత అణువు సైక్లిక్ ఏఎంపీ తగ్గడం వల్లే అది ఆగుతుందని మా ఎమ్మెస్సీ నోట్సులో ఉంది. అది నిజమేనా?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు):
అమ్మా, ఆ వాక్యాన్ని నేనూ చాలా ఏళ్లు బోర్డు మీద రాశాను, ఇప్పుడు మానేశాను. 1996లో ఇనాడా, కిమాటా, ఐబా కొలిచి చూస్తే గ్లూకోజ్ మీద పెరిగే కణాల్లోనూ, లాక్టోజ్ మీద పెరిగే కణాల్లోనూ సైక్లిక్ ఏఎంపీ దాదాపు సమానంగానే కనిపించింది. పైగా డీఎన్‌ఏకు అతుక్కుని ఒపెరాన్‌ను మూసి ఉంచే రిప్రెసర్ ప్రోటీన్ జన్యువును తీసేసినా, ఆ రిప్రెసర్‌ను వదిలించే ఐపీటీజీ అనే రసాయనం కలిపినా ఆ వరుస క్రమం చెదిరిపోయింది. గ్లూకోజ్‌ను లోపలికి చేరవేసే వ్యవస్థలోని ఒక ప్రోటీన్, తన ఫాస్ఫేట్ ఖర్చయిపోగానే లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే పర్మియేజ్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని దాని పని ఆపేస్తుంది. పాలచక్కెర లోపలికి రాకపోతే దాని నుంచి పుట్టే అల్లోలాక్టోజ్ తయారు కాదు, అది లేకపోతే రిప్రెసర్ డీఎన్‌ఏను వదలదు.

కృష్ణలంక (విజయవాడ):
మాస్టారూ, మరి సీఆర్‌పీ (సైక్లిక్ ఏఎంపీ అతుక్కుంటే ఒపెరాన్‌ను నడిపించే ప్రోటీన్) లేని ఉత్పరివర్తన కణాలు లాక్టోజ్ మీద పెరగలేవన్న సంగతిని ఏం చేద్దాం? లాక్ ప్రమోటర్ (ఒపెరాన్ జన్యువులను చదవడం మొదలయ్యే చోటు) స్వతహాగా బలహీనమైనది, సైక్లిక్ ఏఎంపీతో కూడిన సీఆర్‌పీ ఊతం లేనిదే లేవదు.

బ్రాడీపేట మాస్టారు:
ఊతం కావాలనడంలో నాకు పేచీ లేదండీ. కరెంటు లేనిదే మోటారు తిరగదు. కానీ మొన్న మా వీధికి నీళ్లు రాకపోవడానికి కారణం కరెంటు కాదు, ఎవరో వాల్వు తిప్పి మరిచిపోవడం. నేనడిగేది ఈ రెండు చక్కెరల మధ్య ఏది వాల్వు అని మాత్రమే.

సత్యనారాయణపురం విద్యార్థిని:
ల్యాబులో మూడు గొట్టాలు పెట్టి, కణాలకు టోలుయీన్‌తో చిల్లులు పొడిచి, లాక్ ఒపెరాన్ ఎంజైమ్ ఉంటే పసుపెక్కే ఓఎన్‌పీజీ వేసి చూశాను. గ్లూకోజ్, లాక్టోజ్ కలిసి ఉన్నది, గ్లూకోజ్ ఇంకా మిగిలి ఉన్నంతసేపూ దాదాపు రంగు లేకుండానే ఉంది. గ్లూకోజ్‌తో ఐపీటీజీ కలిపినది పసుపెక్కింది, మాస్టారు చెప్పినట్టే. అయితే గ్లూకోజ్‌కు బదులు గ్లిసరాల్‌తో ఐపీటీజీ కలిపిన గొట్టం అంతకంటే చిక్కటి పసుపు.

కృష్ణలంక:
ఆ రెండు పసుపుల మధ్య తేడాయే నేననేది. అక్కడ రిప్రెసర్‌ను ఐపీటీజీ ముందే తొలగించింది కదా, ఇక తేడా తెచ్చేది ప్రధానంగా సైక్లిక్ ఏఎంపీయే.

బ్రాడీపేట మాస్టారు:
గ్లిసరాల్ విషయంలో ఒప్పుకుంటున్నాను. అమ్మాయి అడిగింది మాత్రం లాక్టోజ్ గురించి.