సమస్యాపూరణం: "నిదురపోని కన్ను నిజము గనదు"

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది, నాలుగో పాదం ఇచ్చాను. విషయం అలన్ పింకర్టన్. 1819లో గ్లాస్గోలో పుట్టి, పీపాలు చేసే పనివాడిగా అమెరికా చేరి, షికాగోలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. దాని గుర్తు తెరిచిన కన్ను, కింద 'మేం ఎప్పుడూ నిద్రపోం' అన్న మాట. అమెరికా అంతర్యుద్ధంలో మేజర్ అలెన్ అన్న మారుపేరుతో ఉత్తరాది సేనాని మెక్‌లెల్లన్ కోసం వేగు నడిపాడు, శత్రువు లెక్క పెంచి చెప్పాడు.

గుంటూరు సభ్యుడు:

ఒకటి రెండు చేసి యొప్పించె సేనానిఁ
వేల లెక్క తప్పె, వెనుక జరిగె;
కలతనున్న మదికి కనుపించు శత్రువే
నిదురపోని కన్ను నిజము గనదు.

నిర్వాహకుడు: మూడో పాదం చాలా బాగుంది తమ్ముడూ. 1862 జూన్‌లో దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ ముందు శత్రువు రెండు లక్షలని మెక్‌లెల్లన్ వాషింగ్టన్‌కు తంతి కొట్టాడు. నిజానికి లక్ష కూడా లేరు. అయితే రెండో పాదంలో వెనుక జరిగింది ఎవరో తెలియడం లేదు. 'దండు లెక్క తప్పి దండు మరలె' అంటే యతి నిలుస్తుంది, కర్తా దొరుకుతుంది.

విశాఖ సభ్యురాలు:

అన్న రోగి యంచు నడిగె బెర్తుల నామె;
రేయి నిద్ర లేదు రెప్పపాటు;
ఎట్టులందు రయ్య యెవరైన నికమీద
"నిదురపోని కన్ను నిజము గనదు"?

1861 ఫిబ్రవరి 22 రాత్రి. అధ్యక్షుడిగా ఎన్నికై వాషింగ్టన్ వెళ్తున్న లింకన్‌ను దారిలో బాల్టిమోర్‌లో చంపుతారన్న టెన్షన్. పింకర్టన్ దగ్గర పనిచేసే కేట్ వార్న్ జబ్బుపడ్డ అన్న కోసమని స్లీపర్ బెర్తులు తీసుకుంది. ఆ 'అన్న' లింకనే. తెల్లారేసరికి వాషింగ్టన్‌లో దిగాడు.

నిర్వాహకుడు: సమస్యను ప్రశ్నగా తిప్పేశారమ్మా, భేష్! వివరణ లేకపోతే మాత్రం 'ఆమె' ఎవరో పాఠకుడికి అందదు.

వరంగల్ సభ్యుడు:

వెదకి రమ్మటంచు వెనుక పంపినవారె
ఉరికి దారి చూప నుసురు వోయె;
మేలుకొన్న నేత మృత్యువు నెరుగడే!
నిదురపోని కన్ను నిజము గనదు.

నిర్వాహకుడు: ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. తిమోతీ వెబ్‌స్టర్ పింకర్టన్ వేగుల్లో మేటి. రిచ్‌మండ్‌లో జబ్బుపడి కబురు లేకపోతే, అతన్ని వెతకమని పింకర్టన్ ఇద్దరిని పంపాడు. వాళ్లను అక్కడివాళ్లు గుర్తుపట్టి పట్టుకున్నారు. వాళ్ల ద్వారా వెబ్‌స్టర్ గుట్టు బయటపడింది. 1862 ఏప్రిల్ 29న ఉరి తీశారు. 'పంపినవారె' అన్న మాటలో నేరమంతా ఉంది.

గుంటూరు సభ్యుడు: సవరణకు ధన్యవాదాలు గురువుగారూ. ఒక్క మాట. లెక్క పెంచిన పాపం పింకర్టన్ ఒక్కడిదే అనలేం. శత్రువు ఎక్కువ ఉన్నాడని వినడానికి సేనాని ముందే సిద్ధంగా ఉన్నాడు. నా 'కలతనున్న మది' ఆ సేనానిది.

నిర్వాహకుడు: అలాగైతే మూడో పాదం అలాగే ఉంచు, మొదటి పాదంలో 'ఒప్పించె' తీసి మళ్లీ పంపు.