పాత్రకి పేరు కుదరట్లేదు, మన సిక్కోలు, విజయనగరం వాళ్లు సాయం చెయ్యండి

నాగావళిగట్టు:
కథ రాస్తున్నాను. ఆమదాలవలస దగ్గర పల్లె, 1975 ప్రాంతం. ఉభాల ముఠాకి, అంటే వరినాట్లేసే ఆడకూలీల జట్టుకి పెద్ద, నలభయ్యేళ్ల మనిషి. సుజాత అని పెట్టాను. మా అమ్మ చదివి "ఈ సుజాత మన ఊరెప్పుడొచ్చిందిరా?" అంది. అప్పట్నుంచి కలం కదల్లేదు. ఏం పేరు పెట్టాలి? ఇంటిపేరు రాయొచ్చా? ఒకే అక్షరంతో మూడు పేర్లుంటే చదివేవాళ్లు తికమకపడతారా?

రాజాం_రమ:
నా కథలో అప్పలనర్సమ్మని ఒక వారపత్రిక వాళ్లు అడక్కుండానే అపర్ణ చేసేశారు. ఒక్కచోట మార్చడం మర్చిపోయారు. మొగుడు గట్టు మీంచి "అప్పలనర్సీ" అని కేకేస్తాడు, గడ్డిమోపు దించి పలికేది అపర్ణ! మొగుడికి ఇద్దరు పెళ్లాలనుకుని ఉత్తరాలు రాశారు జనం. నాలుగేళ్లయింది, ఆ సంచిక మళ్లీ ముట్టుకోలేదు. పేరు పెట్టాక ఎవరికోసమూ మార్చకండి.

గజపతినగరం_బస్సు:
సింహాచలం అని పెట్టండి. ఇంక ఆలోచన అక్కర్లేదు.

బొబ్బిలి_బావ:
అది మగపేరు కదండీ. మా చిన్నాన్న పేరే అది.

గజపతినగరం_బస్సు:
మా మేనత్త పేరూ అదే. సింహాచలం అప్పన్నకి మొక్కుకుని పుడితే ఆడైనా మగైనా సింహాచలమే. పైడితల్లి కూడా అంతే.

బొబ్బిలి_బావ:
అమ్మవారి పేరు మగాడికా? మా వైపు వినలేదు.

గజపతినగరం_బస్సు:
దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమాను పండక్కి విజయనగరం రండి. మూడు లాంతర్ల దగ్గర నిలబడి "ఒరే పైడితల్లీ" అని ఒక్క కేక వెయ్యండి. ఎంతమంది మగాళ్లు వెనక్కి తిరుగుతారో మీరే చూస్తారు.

పాత_మేస్టారు:
ముప్ఫై ఏళ్లుగా కథల పోటీలకి న్యాయనిర్ణేతని, వేల కథలు చదివాను. పేరులోనే గుణం పలకాలి. గురజాడవారి కన్యాశుల్కం చూడండి, లుబ్ధావధాన్లంటే లోభం, అగ్నిహోత్రావధాన్లంటే ముక్కు మీద కోపం. మీ ముఠా పెద్దకి వీరమ్మ అని పెట్టండి.

వంశధార:
మేస్టారూ, ఆ నాటకంలోనే బుచ్చమ్మ, వెంకటేశం కూడా ఉన్నారు. ఆ పేర్లలో ఏ గుణం పలికింది? పేరు దగ్గరే గుణం తెలిసిపోతే ఇంక కథెందుకు? పెంటమ్మ అని పెట్టండి.

రాజాం_రమ:
పెంటమ్మా? కూలి మనిషి అనగానే ఇలాంటి చెత్త పేరు తగిలించడం రాసేవాళ్లకి అలవాటైపోయింది.

వంశధార:
మా నాయనమ్మ పేరు పెంటమ్మ. చెత్త పేరని ఇంకోసారి అనకండి. ఆవిడకి ముందు ముగ్గురు పురిట్లోనే పోయారు. ఈవిడ పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. పొరుగింటావిడ వెళ్లి, ఎవరో పారేసిన గుంటని ఏరినట్టు తెచ్చి మా ముత్తవ్వ ఒళ్లో వేసింది. ఇది ఎవరికీ అక్కర్లేని పిల్ల, చావుకీ అక్కర్లేదు అని. తవిటమ్మ, తవిటయ్య కూడా అలాంటివే, కాస్త తవుడిచ్చి పిల్లని కొనుక్కున్నట్టు. కన్నతల్లి భయం ఉంది ఆ పేర్లలో. మా నాయనమ్మ ఎనభై దాటి బతికింది.

రాజాం_రమ:
తెలియక అన్నాను, మన్నించండి. కానీ నాకే తెలియలేదంటే మిగతా పాఠకుల సంగతి ఆలోచించండి. వాళ్లకి అది తిట్టులాగే వినిపిస్తుంది. ఆ పేరు పెడితే ఆ చేట కూడా కథలో కనపడాలి.

పాత_మేస్టారు:
నేను చెప్పిందీ అదే, పేరుకి అర్థముండాలని.

వంశధార:
కాదండీ. మీరు గుణం అన్నారు. నేను చెప్పింది పుట్టుక.

పలాస_జీడితోట:
ఇంటిపేరు జోలికి మాత్రం పోకండి. నేనొక వడ్డీల మనిషికి ఊరికే తోచిన ఇంటిపేరు పెట్టాను. పక్కవీధిలో ఆ ఇంటిపేరు వాళ్లున్నారు. ఆ పెద్దాయన మా నాన్నతో ఏడాది మాట్లాడలేదు. మనవైపు ఇంటిపేరు చెబితే కులం, ఊరు, వీధి అన్నీ చెప్పేసినట్టే.

బొబ్బిలి_బావ:
బడి పేరు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా నాన్న ఇంట్లో అసిరి. బళ్లో వేసిన రోజు మేస్టారు ఈశ్వర్రావు అని రాసేసుకున్నారట. పదో తరగతి సర్టిఫికెట్ వచ్చేదాకా మా తాతకి ఆ సంగతే తెలీదు. ఒకే మనిషిని పొలంలో ఒకలా, ఆఫీసులో ఒకలా పిలిస్తే కథలో అది చూపించాలి కదా?

గజపతినగరం_బస్సు:
ఇక్కడ కొట్టుకునే బదులు శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్లండి, కథల లైబ్రరీ అది. కారా మేస్టారు, అదే కాళీపట్నం రామారావుగారు 1997లో పెట్టింది. మన రచయితల అప్పటి కథలు తిరగేసి, ఒక పూట కూర్చుని ఒట్టి పేర్లే రాసుకురండి.

నాగావళిగట్టు:
అందరికీ దండాలు. తవిటమ్మ అని పెట్టి, తవుడు కొలిచిచ్చే ముక్క కూడా రాసి మా అమ్మకి చదివి వినిపించాను. సుజాత అన్నప్పుడు నవ్విన మనిషి, ఈసారి ఆకుమడి దగ్గర ఆపి "ఈమె కన్నోరిది ఏ ఊరు?" అని అడిగింది. పొందూరు అందామా, సంతకవిటి అందామా?

వంశధార:
పొందూరంటే ఖద్దరు ఊరు, ఆ ఇంట్లో రాట్నం ఉండాలి మరి.